భాగహారం చేసిన కరెంటు

వైండింగ్ షాపు, వెనకగది
జనవరి 9

మరిదికి వదిన దీవెనలు.

మీ అన్నకి రెండో కంటి ఆపరేషన్ కూడా అయింది. చూపు గోడగడియారం దాకా వచ్చింది, సన్నతీగ దాకా రాలేదు. ఇక రాదని డాక్టరు తేల్చేశాడు. ఆయన రోజూ అదే స్క్రూడ్రైవరు తుడుస్తూ కూర్చుంటున్నాడు.

అసలు సంగతికొస్తాను. షాపు లైసెన్సు ఆయన పేరున ఉంది. పని చూసి సంతకం పెట్టగలిగిన మనిషి పేరున మార్చుకోవాలట. జూన్ దాకా గడువిచ్చారు, లేకపోతే బోర్డు దింపెయ్యాలి. ఇరవై రెండేళ్లుగా ఈ షాపులో సగం మోటార్లకి చుట్లు చుట్టింది నేనే. కానీ లైసెన్సు చేతులకివ్వరట, బుర్రకిస్తారట. మేలో పరీక్ష. చేతిపని అంటే నాకు భయం లేదు. రాతపరీక్షలో లెక్కలుంటాయి, అక్కడే నా గుండె జారిపోతోంది.

మీ అన్ననే నేర్పమన్నాను. మొదటి రోజు "ఇది కూడా రాదా" అన్నాడు. రెండో రోజు పుస్తకం విసిరాడు. చూపు ఆనదు కదా, అది వెళ్లి విప్పి పెట్టిన పంపు మీద పడింది. మూడో రోజు నేనే దండం పెట్టేశాను.

కాబట్టి నువ్వు నేర్పాలి. ఫోనులో వద్దు. ఫోనులో నువ్వు చెప్పే భాగహారాలు పెట్టెయ్యగానే గాల్లో కలిసిపోతాయి. కాగితం మీద రాసి పంపు, నేను చేసి పంపుతాను, తప్పులకి ఎర్ర సిరా పెట్టు. నువ్వు ఆరో క్లాసులో ఉండగా ఈ ఇంటికొచ్చాను, నీ చేత పదహారో ఎక్కం అప్పజెప్పించుకున్నది నేను. ఇప్పుడు నీ వంతు వచ్చింది.

వదిన

*

ఆస్పత్రి లాండ్రీ మీద, సిబ్బంది గది
జనవరి 20

వదినకి నమస్కారాలు.

నువ్వు చదువుతానంటే నాకు నవ్వొచ్చిందని అనుకోకు. నిజంగా సంతోషమేసింది. పైగా ఇన్నాళ్లకి నన్ను నమ్మి ఒకరు పాఠం చెప్పమన్నారు.

మొదటి పాఠం. వోల్టేజి అంటే తోసే బలం, వోల్టుల్లో కొలుస్తాం. కరెంటు అంటే తీగలో నిజంగా పారేది, ఆంపియర్లలో కొలుస్తాం. రెసిస్టెన్స్ అంటే తీగ మొరాయింపు, ఓముల్లో కొలుస్తాం. తోసే బలం అంతే ఉండి మొరాయింపు పెరిగితే పారేది తగ్గుతుంది. దీనికొక ముక్కోణం ఉంది. పైన వోల్టేజికి వి, కింద ఎడమవైపు కరెంటుకి ఐ, కుడివైపు రెసిస్టెన్స్‌కి ఆర్ రాసుకో. ఏది కావాలో దాన్ని బొటనవేలితో కప్పెయ్. ఆర్ కప్పితే వి కింద ఐ మిగులుతుంది, అంటే వోల్టుల్ని ఆంపియర్లతో భాగించు. ఐ కప్పితే వోల్టుల్ని ఓములతో భాగించు. పవర్ ఇంకా తేలిక. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి.

పుస్తకంలో లెక్కలు చప్పగా ఉంటాయి. నేను నిజం లెక్కలిస్తాను. ఇక్కడ కింది అంతస్తులో దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద ప్రెస్సుంది. దాని రేకు మీద 230 వోల్టులు, 2300 వాట్లు అని చెక్కి ఉంది. పద్దెనిమిదేళ్లుగా దాన్ని ఒకావిడే నడుపుతోంది. అందరూ ప్రెస్సమ్మ అంటారు. నన్ను కరెంటు బాబూ అని పిలుస్తుంది. ఆ ప్రెస్సు రీడింగులు రోజూ రిజిస్టరులో రాయడం నా పని. నా రిజిస్టరు చూసి సూపర్‌వైజరు మిగతా బ్లాకులవాళ్లకి "ఇలా రాయండి" అని చూపిస్తున్నాడు. ఏప్రిల్లో ఫోర్‌మన్ పోస్టు ఖాళీ అవుతుంది. నాకే అంటున్నారు. అన్నకి ఇప్పుడే చెప్పకు.

ఇవిగో నాలుగు రోజుల రీడింగులు. 230 వోల్టులు, 10 ఆంపియర్లు. 220కి 10.45. 210కి 10.95. 200కి 11.5. ఒక్కోదానికి రెసిస్టెన్స్, పవర్ కట్టి పంపు.

మీ మరిది

*

వైండింగ్ షాపు, వెనకగది
ఫిబ్రవరి 2

మరిది మాస్టారికి,

బొటనవేలు అరిగిపోయేలా కప్పి కప్పి చేశాను. పవర్ నాలుగింటికీ 2300 వాట్లే వచ్చింది, ఒకట్రెండు అటూ ఇటూ. అది చూసి నా భుజం నేనే తట్టుకున్నాను. రేకు మీద ఉన్నదీ అదేగా.

రెసిస్టెన్స్ దగ్గర మాత్రం ఎక్కడో పప్పులో కాలేశాను. మొదటి రోజుకి 23 ఓములు. రెండో రోజుకి 21.05. తరవాత 19.18. చివరి రోజుకి 17.39. మూడుసార్లు చేశాను, మీ అన్న చేత నోటిలెక్క కూడా వేయించాను. మారలేదు. చుట్లు తగ్గితేనో తీగ లావైతేనో రెసిస్టెన్స్ తగ్గుతుందని నాకు చేత్తో తెలుసు. ఒకే ప్రెస్సు, ఒకే కాయిల్ కదా. పొద్దున్నే ఎవరైనా వచ్చి నీ కాయిల్ విప్పి కాస్త కాస్త కత్తిరించి పోతున్నారా?

ఇంకో సందేహం. సాయంత్రం వోల్టేజి పడిపోతే మా షాపులో దీపం మసకబారుతుంది, ఇస్త్రీపెట్టె వేడెక్కక నేను తిట్టుకుంటాను. మీ ప్రెస్సు మాత్రం 200 వోల్టులకి కూడా అవే 2300 వాట్లు లాగుతోంది. ఆస్పత్రి సరుకు కాబట్టి గట్టిదా?

నవ్వకు. ఎక్కడ తప్పో ఎర్ర సిరాతో దిద్ది పంపు.

వదిన

*

సిబ్బంది గది
ఫిబ్రవరి 17

వదినకి,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. నీ భాగహారాలన్నీ ఒప్పే. వేడెక్కితే తీగ రెసిస్టెన్స్ మారుతుంది, అందుకే ఆ తేడా. పరీక్షకి అంత లోతు అక్కర్లేదు. ఈసారి పుస్తకంలో పదకొండో పేజీ లెక్కలు చెయ్యి. ప్రెస్సు సంగతి వదిలెయ్.

ఇక్కడ కాస్త హడావిడిగా ఉంది. పోయిన మంగళవారం ప్రెస్సు అతిగా వేడెక్కి దాని మెత్తకి నిప్పంటుకుంది. దుప్పటి లాగబోయి ప్రెస్సమ్మ కుడి చెయ్యి కాల్చుకుంది. వేడి నాబ్ మూడు మీదే పెట్టానంటోంది. మంట ఆర్పేసరికి అది ఏడు మీద ఉంది. ఆ గొడవలో ఎవరెవరు తిప్పారో ఎవరికీ తెలియదు. విచారణకి ముగ్గురితో కమిటీ వేశారు. నా రిజిస్టరు తెప్పించుకుని చూశారు. కరెంటు వైపు లోపం లేదు, మనిషి వైపే ఉందని అనుకుంటున్నారు. అదే ఖాయమైతే ఆవిడ్ని పనిలోంచి తీసేస్తారు. పాపం, ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది.

అన్నని మందు వేళకి వేసుకోమను.

మీ మరిది

*

వైండింగ్ షాపు, వెనకగది
మార్చి 1

మరిదికి,

ముందు ఒక మాట. ఆవిడ చెయ్యి ఇప్పుడెలా ఉంది? నాబ్ మూడు మీదుందో ఏడు మీదుందో రాశావు కానీ ఆ సంగతి రాయలేదు.

పదకొండో పేజీ చెయ్యలేదు. నీ ప్రెస్సు నా బుర్రలోంచి దిగలేదు. వేడెక్కితే తీగ రెసిస్టెన్స్ మారుతుందన్నావు, పుస్తకం తీసి చూశాను. మారుతుంది, నూటికి ఐదారు పాళ్లు. 23 నుంచి 17కి పడదు.

అయినా నాకు పుస్తకం కంటే చెయ్యి మీద నమ్మకమెక్కువ. రిపేరుకొచ్చిన గది హీటరు ఒకటి పడి ఉంటే, వోల్టేజి పెంచి తగ్గించే మన పాత డబ్బాకి తగిలించాను. తీగ చుట్టూ దవడ పట్టించి కరెంటు చూసే మన టాంగ్ టెస్టరు తీసుకున్నాను. అంకెలు మీ అన్న కళ్లకి ఆనవు కాబట్టి నేను చదివాను, ఆయన బుర్రలో లెక్క వేశాడు. 230 వోల్టులకి 4.3 ఆంపియర్లు. 200కి 3.8. 180కి 3.4. భాగిస్తే మూడుసార్లూ యాభై మూడు ఓముల చుట్టూనే ఉంది. వోల్టేజి తగ్గితే కరెంటు కూడా తగ్గింది. పవర్ అయితే ఇంకా గట్టిగా పడింది, 989 నుంచి 612 వాట్లకి.

నీ రిజిస్టరులో వోల్టేజి తగ్గితే కరెంటు పెరుగుతోంది. అలా పెరగాలంటే ఒకటే దారి. 2300ని ఆ రోజు వోల్టులతో భాగించాలి. చేసి చూశాను. 2300ని 220తో భాగిస్తే 10.45. 210తో 10.95. 200తో 11.5. దశాంశంతో సహా నీ అంకెలే వచ్చాయి.

మరిదీ, నువ్వు మీటరు పెట్టలేదు. భాగహారం చేశావు. మన షాపులో వీటిని కాకిలెక్కలంటారు. రీడింగ్ అంటే చదవడమని నువ్వే కదా నీ చిన్నప్పుడు నాకు ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని చెప్పింది. నువ్వు చదవలేదు, రాశావు.

నా లెక్క తప్పైతే చెప్పు. తప్పవ్వాలనే కోరుకుంటున్నాను. మీ అన్నకి హీటరు పరీక్షిస్తున్నామనే చెప్పాను, ఇంకేమీ చెప్పలేదు.

వదిన

*

సిబ్బంది గది
మార్చి 8

వదినకి,

నాలుగు లెక్కలు వచ్చేసరికి నువ్వు నాకే పరీక్ష పెడుతున్నావు. షాపు బల్ల మీద ఒక హీటరు వేరు, ఆవిరీ తేమా మధ్య రోజంతా నడిచే మిషను వేరు. పదమూడేళ్లుగా ఈ పని చేస్తున్నాను. మూడు బ్లాకులు ఒక్కణ్నే చూసుకుంటున్నాను, ఎక్కడెక్కడ ఏముందో నీకేం తెలుసు?

కమిటీ చదువుకున్నవాళ్లు. వాళ్లకి లేని సందేహం నీకెందుకు? మే పరీక్ష దగ్గరపడుతోంది, దాని సంగతి చూసుకో. అన్నకి ఈ ఉత్తరాలు చదివి వినిపించకు.

మీ మరిది

*

వైండింగ్ షాపు, వెనకగది
మార్చి 13

మరిదికి,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. నా లెక్క తప్పని మాత్రం అందులో ఎక్కడా లేదు. రెండుసార్లు వెతికాను.

నువ్వు కోప్పడ్డావని నాకు కోపం లేదు. పన్నెండేళ్లప్పుడు మీ అన్న గడియారం విప్పి, మళ్లీ బిగించలేక, పిల్లి కింద పడేసిందన్నావు. మనకి పిల్లి లేదు. అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు పిల్లి స్థానంలో ఒక మనిషి ఉంది, ఆవిడ చెయ్యి కాలింది. అది నవ్వుకునేది కాదు.

నువ్వు అబద్ధం చెప్పావని అనను. నువ్వు నోరు తెరవలేదు. నీ రిజిస్టరు నోరు తెరిచి ఆవిడ మీద సాక్ష్యం చెబుతోంది, నువ్వు పక్కన నిలబడి వింటున్నావు.

చుట్టే మనిషిగా నాకు తోచింది చెబుతాను. కాయిల్ జారి చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే దారి దగ్గరైపోతుంది. రెసిస్టెన్స్ పడుతుంది, కరెంటు పెరుగుతుంది, అతిగా కాలుతుంది. అదే జరిగిందని నేననడం లేదు. కాయిల్ ఇంకా అక్కడే ఉంది కదా, దాన్నే అడగమంటున్నాను. విప్పి ఓములు కొలిస్తే తెలిసిపోతుంది. 23 ఉంటే నీ అదృష్టం, నేను చెంపలేసుకుంటాను. తక్కువుంటే ప్రెస్సమ్మ చెప్పిందే నిజం. కానీ కొలవండని అడగాలంటే ఇన్నాళ్లూ ఎందుకు కొలవలేదో ముందు నువ్వు చెప్పాలి. అక్కడే నీకు కాలు ముందుకు పడటం లేదని నాకు తెలుసు.

నేను ఎవరికీ రాయను, ఫోను చెయ్యను. నువ్వు చెయ్యాల్సిన పని ఇది. ఫోర్‌మన్ పోస్టు పోతే పోతుంది. మాకు నువ్వు ఫోర్‌మన్ కాకముందు నుంచే కావలసినవాడివి.

వదిన

*

సిబ్బంది గది
ఏప్రిల్ 4

వదినకి,

చెప్పేశాను.

నీ ఉత్తరం తొమ్మిది రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. మొదటి నుంచీ రాస్తాను. కిందటేడాది జూన్లో నా టాంగ్ టెస్టరు నిచ్చెన మీద నుంచి పడి దవడ విరిగింది. కొత్తది కావాలని కాగితం పెట్టాను. వస్తుందన్నారు. రిజిస్టరులో గడి ఖాళీగా ఉంచకూడదు కదా, ఒక వారం లెక్క కట్టి నింపుదామనుకున్నాను. వోల్టులు పానెల్ మీద కనబడతాయి, వాట్లు రేకు మీద ఉన్నాయి, ముక్కోణం లాంటిదే. వారం నెలైంది. ఆ నెలలోనే సూపర్‌వైజరు నా రిజిస్టరు మెచ్చుకున్నాడు. మెచ్చుకున్నాక మీటరు లేదని చెప్పడానికి నోరు రాలేదు. రెండోసారి కాగితం కూడా పెట్టలేదు. సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను, వోల్టేజి తగ్గితే కరెంటు తగ్గాలన్నది నాకు ఒక్కరోజు కూడా తట్టలేదు. నీకు పాఠం చెప్పినవాణ్ని నేనే.

కమిటీ గురువారం ఆఖరిసారి కూర్చుంది. ప్రెస్సమ్మ కూడా వచ్చింది, చేతికి మోచేతి దాకా కట్టు. ఆమెని సంతకం పెట్టమని కాగితం ముందుకి తోశారు. కుడి చెయ్యి లేవదు కాబట్టి ఎడమచేత్తో కలం పట్టుకుంది. నేను లేచి, "ఆగండి, ఆ రిజిస్టరులో కరెంటు అంకెలు నేను కొలిచినవి కావు" అన్నాను. సూపర్‌వైజరు నా మొహం చూడకుండా నేల చూశాడు.

కమిటీలో బయటి నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయనున్నాడు. తిట్టలేదు. "అయితే పదండి, కొలుద్దాం" అన్నాడు. అందరం కిందకి దిగాం. ప్రెస్సు సీలు తీసి, కాయిల్ రెండు కొసలు విడదీసి, తన మీటరు నా చేతికిచ్చాడు.

"ఎంత?"

"పదహారు పాయింట్ నాలుగండీ."

"దానికి 230 వోల్టులిస్తే కరెంటెంత?"

"పద్నాలుగు ఆంపియర్లు."

"పవరెంత?"

"మూడువేల రెండొందల ఇరవై వాట్లు."

"రేకు మీద?"

"రెండువేల మూడొందలు."

నా లెక్కల్లో అంత చిన్న గొంతుతో చెప్పినవి ఇంకేవీ లేవు. పైమూత తీస్తే నువ్వన్నట్టే ఉంది. ఒక పక్క కాయిల్ జారి చుట్లు అతుక్కుపోయాయి. వేడి చాలగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ పన్నెండు ఆంపియర్లదే, పద్నాలుగు పారేసరికి దాని కొసలు కరిగి అంటుకుపోయాయి. ఇక నాబ్ మూడు మీదున్నా ఏడు మీదున్నా ఒకటే, ప్రెస్సు కాలుతూనే ఉంటుంది. "ఇది ఒక్కరోజులో అయ్యేది కాదు. రోజూ కొలిచి ఉంటే పది, పదకొండు, పన్నెండు అని ఎక్కుతూ కనబడేది" అన్నాడు ఇంజనీరు. అది నాతోనే అన్నాడు.

ప్రెస్సమ్మ మీద కాగితం అక్కడే చింపేశారు. ఆమె ఉద్యోగానికి ఢోకా లేదు. ఫోర్‌మన్ పోస్టు పక్క బ్లాకు అతనికి పోయింది. నాకు హెచ్చరిక ఇచ్చారు. ఏడాది పాటు రిజిస్టరులో నా సంతకం ఒక్కటే చెల్లదు, పక్కన సూపర్‌వైజరుది కూడా ఉండాలి. రోజూ ఆయన గదికి వెళ్లి నిలబడుతున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను అని రాయబోయి ఆగిపోయాను. ఇక్కడ కాలింది నా చెయ్యి కాదు.

అన్నకి చెప్పు. నేను చెప్పలేను.

మీ మరిది

*

వైండింగ్ షాపు, వెనకగది
మే 19

మరిదికి,

చెప్పాను. భోజనం దగ్గర చెప్పాను, మధ్యలో లేచిపోలేడని. చేతిలో ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాడు. నువ్వు చేసింది తప్పని గానీ ఒప్పుకోవడం మంచిదని గానీ అనలేదు. "టెస్టరు విరిగితే నాతో ఒక్కమాట అనొచ్చుగా, మనది ఉందిగా" అన్నాడు. కళ్లు తుడుచుకుని, చుక్కల మందు వేసుకున్నందుకు నీళ్లు కారుతున్నాయన్నాడు. మందు పొద్దున వేసుకున్నాడు.

మర్నాడు తడుముకుంటూ షెల్ఫు దగ్గరికెళ్లి టెస్టరు తీశాడు. గుడ్డలో చుట్టి, దాని చుట్టూ కాగితం, దాని చుట్టూ ఇంకో గుడ్డ. పెళ్లికూతుర్ని పంపినట్టు పంపుతున్నాడు, ఈ ఉత్తరంతో పాటే అందుతుంది. షాపుకి మేం వేరేది చూసుకుంటాం.

నా పరీక్ష అయింది. నువ్వూ నేనూ ఇంత రక్తం మరగబెట్టుకున్న ముక్కోణం మీద ఒక్క ప్రశ్న రాలేదు. అన్నీ ఫ్యూజుల గురించీ ఎర్తింగ్ గురించీ అడిగారు. అవి నాకు చేత్తో వచ్చినవే, రాసి పారేశాను. చేతిపని పరీక్షలో ఒక పెద్దమనిషి "ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా" అన్నాడు. మా మరిది దగ్గర అన్నాను. అది అబద్ధమేమీ కాదు.

నేను అడిగినదానికి నువ్వింకా జవాబు రాయలేదు. ఆవిడ చెయ్యి ఎలా ఉంది?

వదిన

*

సిబ్బంది గది
జూన్ 11

వదినకి,

టెస్టరు అందింది. అన్న చుట్టిన గుడ్డలు విప్పడానికి పావుగంట పట్టింది. కొత్త కాయిల్ వేశారు. నిన్న 225 వోల్టులకి 9.8 ఆంపియర్లు చూపించింది.

నీ పేరున లైసెన్సు వచ్చిందని ఫోనులో అన్న అరిచిన అరుపు ఇక్కడ మెట్ల మీదివాళ్లకి కూడా వినబడింది.

నువ్వు రెండుసార్లు అడిగినదానికి జవాబు రాయలేదు, ఎందుకంటే నేను వెళ్లి అడగలేదు. ఈ సోమవారం ప్రెస్సమ్మ పనిలో చేరింది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలవడం లేదు. ప్రెస్సు పిడి పట్టుకోలేదు కాబట్టి దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర వేశారు. మడత కూడా ఎడమచేత్తో పెట్టి, కుడి మోచేత్తో అదుముతోంది. పద్దెనిమిదేళ్లు ఆవిడ నడిపిన ప్రెస్సు ఇప్పుడు వేరే అమ్మాయి నడుపుతోంది.

నిన్న వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. ఏమనాలో తెలియక, చెయ్యి ఎలా ఉందమ్మా అన్నాను. "కరెంటు బాబూ, ఆ రోజు పేజీ ఒకసారి చూపిస్తావా?" అంది. కమిటీలో రిజిస్టరు అందరూ చూశారు కానీ, ఆమెకెవరూ చూపించలేదట.

తెచ్చి బల్ల మీద పెట్టి ఆ మంగళవారం పేజీ తీశాను. అప్పుడు నేనే మొదటిసారి దాన్ని సరిగ్గా చూశాను. అందులో ఇంకో సంగతుంది, అది నీకూ రాయలేదు, కమిటీకీ చెప్పలేదు. ఆమె ఆ వరస కింద ఎడమచేతి వేలు పెట్టి, పైకే, మెల్లగా చదివింది.

"చూసిన వేళ ఏడు గంటలు. 230 వోల్టులు. పది ఆంపియర్లు. ప్రెస్సు స్థితి, సాధారణం."

వేలు మళ్లీ వేళ రాసిన గడి మీదికి జరిపింది.

"నేను స్విచ్చి వేసేది ఎనిమిదింటికి కదా బాబూ."

ఆమె రిజిస్టరు మూసి నా వైపు జరిపింది. కోపంగా కాదు, మామూలుగానే.

"పోనీలే. ఏడింటికి నా చెయ్యి కూడా సాధారణంగానే ఉంది" అని, ఇంకో దుప్పటి అందుకుంది.

మీ మరిది